పచ్చికట్టెల మోపు

చలికాలం పొద్దున హైటెక్ సిటీ వెనుక నడక బాట మీద ముసలోణ్ని నేనొక్కణ్నే ఉంటాను. మిగిలినవాళ్లంతా పిల్లలు. చెవుల్లో ఏవో పెట్టుకొని, చేతి గడియారం చూసుకుంటూ పోతుంటారు. బాట మొదట్లో ఒక బోర్డు ఉన్నది. ఇది అందరి బాట, నడిచేవాళ్లు ఎడమకు, సైకిళ్లు కుడికి అని. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతది. అందరిదని బోర్డు పెట్టి చెప్పవలసి వచ్చిందంటే అది అందరిదీ కాకుండా పోయి చాన రోజులైందన్నట్టు. ఆ బోర్డు పక్కనే గేటు. గేటు కాడ వాచ్‌మన్.

"ఏ టవర్ అంకుల్ మీది?" అని నెలకొకసారి కొత్త వాచ్‌మన్ అడుగుతడు.

"నేను పుట్టినప్పుడు టవర్లు లేవు" అంటాను. వాడు రాసుకోవడానికి పుస్తకంలో ఆ గడి లేదు. చివరికి ఏదో గీసి లోపలికి వదులుతడు.

ఆదివారాలు ఒక గుంపు వస్తది. చెట్లు, పిట్టలు చూపించుకుంటూ నడుస్తరు. వాళ్లను నడిపించేది అనంతపురం దిక్కు పిల్ల. కొండాపూర్‌లో హాస్టల్లో ఉంటది, కంప్యూటర్ కొలువు. అందరూ అంకుల్ అంటే ఆమె ఒక్కతే తాతా అంటది. అందుకే ఆమె పిలిస్తే ఆగుత.

మొన్నొక ఆదివారం ఆమె పిలిచింది. బాట వంపులో, రెండు బండల నడుమ ఉన్న మోతుకు చెట్టు కాడ, మోదుగ అంటరే అదే, గుంపును ఆపి నిలబడ్డది. చెట్టు మీద ఒక్క ఆకు లేదు. బెరడు బూడిద రంగుకు తిరిగింది. మొదలు మీద ఎర్ర పెయింటుతో అడ్డంగా, నిలువుగా రెండు గీతలు.

"ఇది సచ్చిపోయినట్టుంది తాతా. వానల్లో బాగుండె. వారం నుంచి ఒక్క ఆకు కూడా లేదు. కొమ్మ ఇరిగి ఎవరి మీదన్నా పడుతుందేమో అని నేనే మెయింటెనెన్సోళ్లకు రాసినా. వచ్చి కొట్టేదానికి గుర్తు పెట్టిపోయినారు."

నేను ఒక చిన్న కొమ్మను కిందికి వంచి బొటనవేలి గోరుతో గీకిన. బూడిద పొర కింద పచ్చగ, తడిగ మెరిసింది.

"చావలేదు బిడ్డా. అన్నిటికంటె ముందు పూసే చెట్టు అన్నిటికంటె ముందు ఆకు రాలుస్తది. శివరాత్రి దాక ఆగితే నీకే తెలుస్తది."

ఆ పిల్ల ముఖం తెల్లబడ్డది. "అయ్యో, నేనే కదా రాసింది! ఉండు తాతా, ఇప్పుడే మళ్లా రాస్తా" అని ఫోను తీసి అక్కడే నిలబడి టకటకా కొట్టింది. "రాసినా. ఇంగ కొట్టరులే. అయినా నీకెట్ల తెలుసు తాతా?"

"నా గోరుకు తెలుసు" అని నడిచిన. అంత పొద్దున నిలబడి అంత కథ చెప్పే ఓపిక నాకు లేదు. ఆ పిల్లకు చెప్పనిది ఇక్కడ రాస్తున్న.

ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడొక గుట్ట ఉండేది. గుట్టకు పొద్దు పొడిచే దిక్కు మా ఊరు, పొద్దు గూకే దిక్కు అవతలి ఊరు. నడుమ రాతి గుండ్ల సందులనుంచి ఒక కాలిబాట. దాన్ని పొత్తుల బాట అనేవాళ్లు. బోర్డు లేదు, గేటు లేదు. బాట పొడుగునా మోతుకు చెట్లు. ఒక్కో చెట్టుకు మా ఊరి దిక్కు చూసే కొమ్మల ఆకు మాది, వాళ్ల ఊరి దిక్కు చూసే కొమ్మల ఆకు వాళ్లది. ఎండిన కట్టె ఎవరికి దొరికితే వాళ్లది. పచ్చి కొమ్మ మీద మాత్రం ఎవరూ గొడ్డలి పెట్టొద్దు. ఇది ఎవరు ఎప్పుడు పెట్టిన కట్టుబాటో మా నాయినమ్మకు కూడా తెలియదు.

నాయినమ్మ ఇస్తారాకులు కుట్టేది. చుట్టుపక్కల ఏ ఇంట్లో పెండ్లయినా, ఎవరి దినమైనా బంతిలో పరిచేది ఆమె కుట్టిన ఆకులే. అమ్మానాయిన లేని నన్ను ఆ ఆకులతోనే సాదింది. చలికాలం వచ్చిందంటే తెల్లారి గొంగడి కప్పుకొని ఆమె ముందు, నేను వెనుక గుట్ట ఎక్కేవాళ్లం. పొగమంచులో ఆమె కాళ్ల కడియాల చప్పుడు పట్టుకొని నడిచేవాణ్ని. బాట పొడుగునా పరిగడుపున తిన్న రేగ్గాయల పులుపు నోట్లో ఉండేది. ఇంటికొచ్చినంక పొయ్యి ముందర కూచొని నిన్నటి జొన్నరొట్టెను వెల్లిపాయ కారంతో తినేవాణ్ని. ఇంటినిండా ఎండుతున్న మోతుకాకు వాసన. ఆ వాసన ఎట్లుంటదని ఎవరన్న అడిగితే నేను చెప్పలేను. తడిసిన మట్టికీ, కాగిన నెయ్యికీ నడుమ ఎక్కడో ఉంటది.

మంచి ఆకంతా గుట్ట దాటినంకనే. మా దిక్కు రాయి ఎక్కువ, చెట్లు పలుచన. వాళ్ల దిక్కు వాగు ఒడ్డున చెట్లు గుంపుగ ఉండేవి. అక్కడ కూడా సగం కొమ్మల ఆకు మాకు వచ్చేదంటే అది పొత్తు మహిమ. ఆ పొత్తు లేకపోతే నాయినమ్మ చేతికి పని లేదు, మా పొయ్యికి మంట లేదు.

బాట నడిమధ్యలో, రెండు గుండ్ల నడుమ ఉన్న చెట్టును పొత్తుల చెట్టు అనేవాళ్లు. ఏటా మొదటి పువ్వు దాని మీదనే పూసేది. ఆ పువ్వు ఏ ఊరోళ్లు ముందు చూస్తే, కాముని పున్నానికి చల్లుకునే మోతుకు పూల రంగు ఆ ఊర్లోనే ఉడికేది. రెండో ఊరు వచ్చి తడిసిపోవాలె. చలి మొదలైందంటే రెండూర్ల పిల్లలం ఏదో ఒక సాకు పెట్టుకొని ఆ బాట మీదనే తిరిగేది అందుకే.

ఒక ఏడు చలి చంపేసింది. నాయినమ్మకు దగ్గు పట్టుకున్నది. దగ్గినప్పుడల్లా ఆమె చిన్నగైపోయినట్టు కనిపించేది. ఇంట్లో కట్టెలు తడిసి ఉన్నయి. నేను ఆమెకు చెప్పకుండ గొడ్డలి పట్టుకొని ఒక్కణ్నే గుట్ట ఎక్కిన. పొత్తుల చెట్టు చూస్తే మోడు. పక్క చెట్లకు ఇంకా ఆకు ఉన్నది, దీనికి ఒక్కటి లేదు. ఎండిపోయిందనుకున్న. ఎండిన కట్టె దొరికినోళ్లదే కదా! ఎక్కిన. మా దిక్కు కొమ్మలన్నీ కొట్టిన. గొడ్డలి మంచిగ ఆడుతున్నదని వాళ్ల దిక్కువి కూడా కొట్టిన. చేతులు నొప్పి పుట్టి దిగేసరికి వాళ్ల దిక్కు రెండే కొమ్మలు మిగిలినయి.

ఎంతో గొప్ప పని చేసినట్టు మోపు తెచ్చి నాయినమ్మ ముందర పడేసిన.

"ఏడికెల్లి తెచ్చినవ్ రా?"

"పొత్తుల చెట్టు ఎండిపోయింది నాయినమ్మా. ఇగ నీకు వారం దాక చలి ఉండది."

ఆమె ఒక కట్టె చేతికి తీసుకున్నది. బొటనవేలి గోరుతో గీకింది. నా ముక్కు ముందర పెట్టింది.

"గిదేం రంగు?"

"పచ్చ."

"ఎండిన కట్టెకు పచ్చ ఉంటదా?"

నేను గొడ్డలిని వెనుకకు దాచిన.

"నిద్రవోతున్నదాన్ని సచ్చిందనుకుంటివి. రేపు నేను కండ్లు మూసుకొని పంటె నా మీద గూడ గిట్లనే గొడ్డలి పెడ్తవా?"

కొట్టి ఉంటే బాగుండేది. ఆమె కొట్టలేదు. గొంగడి కప్పుకొని, గోడ పట్టుకొని లేచింది. "మోపు కట్టు. నెత్తిన వెట్టుకో" అన్నది.

"ఏడికి?"

"ఎవరి కొమ్మలు నరికినవో వాళ్ల కాడికి" అన్నది. వెనుకకు తిరిగి చూడకుండనే.

ఆ నడక నాకు ఇప్పటికీ కాళ్లలో ఉన్నది. పచ్చికట్టె బరువు. మెడ ఊగుతుంటే రసం కారి చెవి వెనుక జిగురుగ అంటుకున్నది. ముందర ఆమె దగ్గు, వెనుక నా ఏడుపు. అవతలి ఊరి పెద్దాయన అరుగు మీద కూచొని చుట్ట తాగుతున్నడు. పక్కన ఆయన భార్య అనపకాయలు ఒలుస్తున్నది. నాయినమ్మా ఆమె ఒకరినొకరు వదినె అనుకునేవాళ్లు. మోపు అరుగు ముందర దించిన.

"ఏందిరా, మా ఇంట్ల కట్టెలు లేవని నీకెవరు చెప్పిన్రు?" అని పెద్దాయన నవ్విండు. చుట్టూ ఉన్నోళ్లు నవ్విన్రు.

నాయినమ్మ నవ్వలేదు. "పొత్తుల చెట్టు. నా మనుమడు నరికిండు. మీ దిక్కు రెండు కొమ్మలే మిగిలినయి. మీకు ఇంకెవరో చెప్పకముందే నేనే తెచ్చిన" అన్నది.

నవ్వులు ఆగిపోయినయి. చుట్టూ చేరిన మొగపిల్లలు లేచిన్రు. "ఇగ బాట బందు! మీ ఆకు మీరు ఏరుకోండ్రి, గుట్ట దాటితే కాళ్లు ఇరగ్గొడ్తం" అన్నడొకడు. ముసలామె చేతిలో అనపకాయ అట్లనే ఆగింది.

పెద్దాయన చుట్ట ఆర్పిండు. మోపు దిక్కు చూసిండు. "చెట్టు పూస్తదా?" అని నాయినమ్మను అడిగిండు.

"నాకేం తెలుసు? నేనేమన్న దాని కడుపుల ఉన్ననా?"

"అయితే దాన్నే అడుగుదం" అన్నడు ఆయన. "పూసిందాక బాట నడువనీ. కాముని పున్నం దాక పూయకపోతే పొత్తు లేదు, మీరు గుట్ట దాటొద్దు. ఒరే పోరగా, నువ్వు మాత్రం రోజూ పొద్దుగాల చెట్టు కాడికి వోవాలె. ఏం జూసినవో ఈ అరుగు కాడికొచ్చి చెప్పాలె. ఒక్క రోజు తప్పినా లెక్క తప్పినట్టే."

మోపు మేము వాపసు తేలేదు. అది ఆ అరుగు పక్కనే పడి ఉన్నది. రోజూ నేను పోయినప్పుడల్లా నన్నే చూసినట్టు ఉండేది.

మొదటి రోజు చెట్టు కాడికి పోయి, గుట్ట దిగి, అరుగు ముందర నిలబడ్డ.

"ఏం జూసినవ్?"

"ఏం లేదు."

"కండ్లు ఇంట్ల మరిచినవా? ఏం లేకపోవుడేంది? మళ్ల వోయి చూసి రా."

మళ్లీ గుట్ట ఎక్కిన. ఈసారి చూసిన. కొట్టిన చోట జిగురు ఎర్రగ గడ్డకట్టి ఉన్నది. దాని మీద నల్లచీమలు. చెట్టు మొదలు కాడ కౌజుపిట్టల కాళ్ల గుర్తులు. వచ్చి చెప్పిన. ఆయన తల ఊపిండు. ముసలామె ఉడికిన అనపకాయలు దోసిట్లో పోసింది. ఉప్పుతో, వేడి పొగతో ఉన్న ఆ గింజల రుచి ముందర ఇప్పటి కాఫీ షాపుల సరుకంతా నాకు గడ్డి.

అట్ల మొదలైంది. రోజూ చూడక తప్పలేదు, చెప్పక తప్పలేదు. మంచు పడ్డనాడు సాలెగూడు ముత్యాల జాలీ లెక్క ఉంటదని, గాలి తిరిగిన రోజు గువ్వలు బండ వెనుక పక్కకు పోతయని, ఉడుము ఎండ కోసం ఏ గుండు మీదికి ఎక్కుతదో అని నేను అప్పుడే నేర్చుకున్న. నేను బడికి పోలేదు. అక్షరాలు కిరాణా పొట్లాల కాగితాల మీద తర్వాత నేర్చుకున్నవి. చూసుడు మాత్రం ఆ అరుగు ముందర నేర్చుకున్న.

ఒకరోజు మాత్రం బద్ధకం కొట్టింది. సగం దారిలో రేగు పొద కాడ కూచొని కడుపునిండ రేగ్గాయలు తిని, చుట్టు దారిన అరుగు కాడికి పోయిన.

"ఏం జూసినవ్?"

"కొమ్మల మీద మంచు బొట్లు బొట్లుగ ఉండె" అన్న ధైర్యంగ.

పెద్దాయన ముసలామె దిక్కు చూసిండు. "వింటివా, వీనికి గాలి కొట్టిన రాత్రి గూడ మంచు పడ్డదట. నోరు తెరువురా." తెరిచిన. "పండ్ల సందున రేగు తోలు వెట్టుకొని మంచు కథలు చెప్తున్నడు" అన్నడు. ముసలామె నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నది. నాకు ఆ రోజు అనపకాయలు లేవు. మళ్లీ గుట్ట ఎక్కి, చెట్టు చూసి, మళ్లీ దిగిన.

రోజులు పోతున్నయి. మిగతా చెట్లు కూడా ఆకు రాల్చినయి. ఎండ ముదురుతున్నది. పొత్తుల చెట్టు మీద ఏమీ లేదు. ఇంట్లో నాయినమ్మ ఎండిన ఆకు కట్టలు తక్కువైపోతుంటే లెక్క పెట్టకుండ ముఖం తిప్పుకునేది. ఒకనాడు ఇస్తారి కుడుతూ కుడుతూ, "వచ్చే చలికి ఏం పని చేద్దమురా మనం?" అన్నది. నన్ను కోప్పడ్డట్టు కాదు, నిజంగనే అడిగినట్టు. ఆ మాటకు నేను ఆ పూట రొట్టె తినలేదు. రోజూ చెట్టు కాడ నిలబడి గోరుతో గీకి చూసేవాణ్ని. పచ్చ ఉన్నది. పచ్చ ఉండి కూడా ఎందుకు పూయవే అని దాన్ని తిట్టేవాణ్ని. బతిమాలేవాణ్ని.

శివరాత్రి ముందు, వాళ్ల దిక్కు మిగిలిన రెండు కొమ్మల కణుపుల మీద నల్లగ, ముట్టుకుంటే మఖమల్ లెక్క ఉన్న మొగ్గలు కనబడ్డయి. వాటిని చూసి మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్తే రాలిపోతయేమోనని భయం. అరుగు కాడ చీమల సంగతి, ఉడుము సంగతి చెప్పి వచ్చిన. నాలుగో రోజు గుండు ఎక్కి తల ఎత్తేసరికి చిలుక ముక్కు లెక్క వంపు తిరిగిన ఎర్రటి పువ్వు. ఒక్కటే.

అక్కణ్నుంచి మా ఊరికి కేక పెడితే వినబడుతది. మొదలు చూసింది నేనే, రంగు మా ఊరిది. కాని కేక పెట్టలేదు. కాళ్లు నన్ను అడగకుండనే పొద్దు గూకే దిక్కు పరుగు తీసినయి. అరుగు ముందర ఎగపోస్తూ నిలబడ్డ.

"ఏం జూసినవ్?"

"పూసింది. మీ దిక్కు పూసింది."

"మొదలు ఎవరు చూసిన్రు?"

"నేనే."

పెద్దాయన లేచిండు. అన్ని రోజుల్లో ఆయన నా కోసం అరుగు దిగింది అప్పుడే. మోపు దగ్గరికి పోయి దాన్ని కాలితో పక్కకు నెట్టిండు. "అయితే పూలు మావి, కుండ మీది. పో, మీ నాయినమ్మకు చెప్పు, పెద్ద కాగు కడుగుమను" అన్నడు.

ఆ పున్నానికి మా వాకిట్లోనే రంగు ఉడికింది. పొగలో మోతుకు పూల వగరు వాసన, నాయినమ్మ దగ్గు, అవతలి ఊరి ముసలామె పాట, నా నెత్తి మీద వాళ్ల ఊరి పిల్లలు కుమ్మరించిన కుండెడు వేడి రంగు. పొత్తు నిలిచింది. ఆ తర్వాత చలికి కూడా నాయినమ్మ గుట్ట దాటింది. ఆ మీది చలికి దాటలేదు. ఆమెకు ఆఖరుసారి అన్నం పెట్టింది కూడా ఆమె కుట్టిన ఆకులోనే.

తర్వాత సంగతి రాయబుద్ధి కాదు. గుట్టకు మందు పెట్టి పేల్చిన్రు. కంకర ఏ రోడ్డుకు పోయిందో తెల్వదు. పెద్దాయన అరుగు మీద ఇప్పుడు ఏ లిఫ్టు ఎక్కి దిగుతున్నదో తెల్వదు. రెండూర్ల మనుషులు జీడిమెట్లకు కొందరు, మియాపూర్‌కు కొందరు చెదిరిపోయిన్రు. పేల్చగ మిగిలిన గుండ్ల చుట్టూ కంచె కట్టి, సిమెంటు పలకలు పరిచి, అందరి బాట అని బోర్డు పెట్టిన్రు. ఆ వంపులో చెట్టు ఆ చెట్టేనా, దాని పిలకనా నేను చెప్పలేను. రెండు గుండ్ల నడుమ ఉన్నది. నాకు అంత చాలు.

శివరాత్రి దగ్గర పడ్డంక, పోయిన ఆదివారం గేటు దాటి వంపు తిరిగేసరికి నడక గుంపు లేదు. ఆ పిల్ల ఒక్కతే ఉన్నది. చెట్టు మొదలు భూమికి సమంగ కోసి ఉన్నది. కొమ్మలు ముక్కలు ముక్కలుగ పక్కన పేర్చిన్రు. ట్రాలీ వచ్చి ఎత్తుకపోవాలె.

"నేను మళ్లా రాసినా తాతా" అన్నది ఆ పిల్ల. "మొదటిది చూసి కొట్టేసినారంట. రెండోది ఎవురూ చూడనే లేదంట. ఎవురినడిగినా మేము కాదంటారు. నా వల్లనే కదా తాతా?"

కాదు బిడ్డా అందామనుకున్న. నాయినమ్మ నాకు ఆ మాట అనలేదని గుర్తొచ్చి ఆగిపోయిన. వంగి ఒక కొమ్మ తీసి చూసిన. కణుపుల మీద నల్ల మఖమల్ మొగ్గలు వరుసగ ఉన్నయి. ఆ పిల్ల కూడా చూసింది. బొటనవేలి గోరుతో గీకింది. లోపల పచ్చ.

ఎవరూ చెప్పకుండనే ఆ పిల్ల కొమ్మలు ఏరడం మొదలుపెట్టింది. మెడలో ఉన్న చున్నీ తీసి మోపు కట్టింది. కట్టుడు రాదు, జారిపోతున్నది. నేను వంగి ముడి బిగించిన. ఆమె దాన్ని నెత్తిన పెట్టుకొని, రెండు చేతులతో పట్టుకొని, మెడ నిలబెట్టింది. చెవి పక్కన జిగురు కారుతున్నది.

"ఎత్తుకున్నా తాతా. యాడికి?"

నేను బాట రెండు కొసలూ చూసిన. ఒక కొసకు కార్లు నిలిపే జాగ. ఒక కొసకు గేటు, గేటు కాడ పుస్తకం పట్టుకొని వాచ్‌మన్. పొద్దు గూకే దిక్కు ఎటో నా కాళ్లకు ఇప్పటికీ తెలుసు. అక్కడ చుట్ట తాగుతూ ఏం జూసినవ్ రా అని అడిగే మనిషి లేడు. మోపు దించుకోవడానికి అరుగు లేదు.

"నడువు బిడ్డా" అన్న. ఏడికో చెప్పలేదు. ఆ పిల్ల మళ్లీ అడగలేదు. నేను ముందర, ఆమె వెనుక, పొద్దు గూకే దిక్కే నడిచినం.